వీరగల్లు దగ్గర విన్న ఊపిరి

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పడం ఆపేస్తాను. మా ఇళ్లలో పిల్లల మీదైనా ఒట్టు వేస్తాం గానీ ఉలి మీద వేయం. అన్నం పెట్టేది అదే కాబట్టి. ఆ ఉలి మీద ఒట్టేసి చెప్తున్నాను... ఆ రాత్రి నేను తాగి లేను. జ్వరంతో లేను. నిద్రమత్తు కూడా కాదు. ఈ రెండు చెవులతో విన్నాను. విన్నది ఏమిటో మాత్రం ఇప్పటికీ తెలియదు.

మాది ఆళ్లగడ్డ. రాతి పని. మా నాయన కాలంలో ఉలి, సుత్తి, పక్కన ఒక నీళ్ల బొక్కెన. మా కాలానికి మిషను వచ్చింది. కోత మిషను ఆన్ చేస్తే నల్లరాయి పొడి పొగలా లేస్తుంది. పట్టపగలు కూడా షెడ్డులో ఎదుటి మనిషి కనిపించడు. మూతికి తువ్వాలు కట్టుకునేవాళ్లం, అంతే. వారం పట్టే పని ఒక పూటలో అయిపోతుంటే ఎవరు వద్దంటారు?

మా అన్న రామబ్రహ్మం నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. మా వీధిలో ఎవరైనా విగ్రహానికి కళ్లు చెక్కాల్సి వస్తే అన్నను పిలిచేవాళ్లు. అలాంటి మనిషి నలభై ఏడేళ్లకే మంచం పట్టాడు. కర్నూలులో డాక్టరు ఎక్స్‌రే ఫొటోను వెలుతురుకు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు.

"ఇది రాతిపొడి. లోపల గట్టిపడిపోయింది. దీన్ని బయటికి తీసే మందు లేదు" అన్నాడు.

అన్న ఆ ఫొటో వైపు చాలాసేపు చూశాడు.

"నాలుగు రకాల రాయి కొట్టినా సార్. ఇది ఏ రాయో తెలుస్తాదా?" అని అడిగాడు.

డాక్టరు ఫొటోను కవరులో పెట్టేశాడు.

ఆ రోజు నుంచి రెండేళ్లు... అన్న పడుకోలేదు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే పడుకోలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు మూడు దిండ్లు ఆనించుకుని కూర్చునే కునికేవాడు. మా ఇద్దరి గదులకూ మధ్య ఒకటే గోడ. రాత్రంతా ఆయన ఊపిరి నాకు వినిపించేది. లోపలికి పోయేటప్పుడు గరగర. బయటికి వచ్చేటప్పుడు సన్నటి ఈల. ఆ ఈల చివర్లో రెండుసార్లు తెగేది... ఈఁ... ఈఁ... అని. వందమంది నిద్రపోతున్న చోట కూడా ఆ ఊపిరిని నేను గుర్తుపట్టగలను.

నాకూ పొద్దున పూట దగ్గు మొదలైంది. ఇంట్లో చెప్పలేదు.

మాఘమాసం చివరి రోజులు. ఓబుళరెడ్డి అని చాగలమర్రి వైపు రైతు ఒకాయన మా షెడ్డుకు వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఆయన పొలంలో ఒక వీరగల్లు ఉందట. వీరగల్లు అంటే తెలుసు కదా, పోరాటంలో చచ్చిపోయినవాడి కోసం నిలబెట్టే బొమ్మల రాయి. మా సీమలో చాలా పొలాల్లో ఉంటాయి.

"మా వంశానికి మూలపురుషుడప్పా ఆయన" అన్నాడు ఓబుళరెడ్డి. "ఆవులమందను దొంగలు తోలుకపోతాంటే అడ్డం పోయి ఆడనే సచ్చినాడంట. ఇత్తనం ఏసే ముందర ప్రతి ఏడూ టెంకాయ కొడతాం. ఇప్పుడు ఆ పొలంలో రోడ్డు పోతాది. రాయిని ఆఫీసరోళ్లు మ్యూజియానికి తీసకపోతారంట. అందుకే... అచ్చం అట్లాంటిదే ఇంకోటి చేసీండి. మిగిలిన చేన్లో నిలబెట్టుకుంటాం."

ఫోనులో ఫొటోలు చూపించాడు. నాకేమీ కనిపించలేదు. ఎండకు, వానకు, పశువుల ఒంటి రాపిడికి రాయి అరిగిపోయింది. మనిషి ఆకారం ఒకటి లీలగా ఉంది. మిగతాదంతా నున్నగా ఉంది.

"దీన్ని చూసి చేయాలంటే కష్టం పెద్దాయనా" అన్నాను.

షెడ్డు వెనక మా ఇల్లు. కిటికీ తెరిచే ఉంది. లోపలి నుంచి అన్న గొంతు వచ్చింది.

"పగలు కానరాదు. రాత్రి పోవాల. నేనొస్తా."

వదిన ఈశ్వరమ్మ బయటికి వచ్చింది.

"యాడికి వచ్చేది? వాకిలి దాటితేనే ఆయాసపడతాండావు. జీపులో గుంతల్లో ఎగిరెగిరి పడతా పోతావా?"

"నేను రాయి కొట్టను. చూసి చెప్తా, తమ్ముడు వీరాగాడు గీసుకుంటాడు. దుమ్ము యాడుంటాది ఆడ?"

"వద్దయ్యా..."

"ఈశ్వరీ" అన్నాడు అన్న. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "రెండేండ్లాయ... నేను రాయి చూసి."

వదిన లోపలికి పోయి వచ్చింది. నా దగ్గరకు వచ్చి, అన్న ఆయాసానికి పీల్చే మందు పంపు నా జేబులో పెట్టింది. "నీ మీద భారం ఏస్తాండానప్పా" అంది. నేను తల ఊపాను.

మరుసటి రోజు సాయంత్రం ఓబుళరెడ్డి జీపు పంపాడు. ఆళ్లగడ్డ దాటి, పెద్ద రోడ్డు వదిలి, ఎడమకు నల్లమల వైపు తిరిగాం. నల్లరేగడి నేల. శనగ కోసేశారు. పత్తి కట్టె ఇంకా పీకలేదు. దూరంగా కొండలు నీలంగా మొదలై, మేం చేరేసరికి నల్లగా అయిపోయాయి. మధ్యలో ఊరు గానీ దీపం గానీ లేదు.

రాయి చేను మధ్యలో ఉంది. నా ఎత్తు ఉంటుంది. కొంచెం వెనక్కి వాలి ఉంది, కొండల వైపుకు. ముందువైపు పసుపు, నూనె మరకలు. చుట్టూ నాలుగడుగులు వదిలేసి దున్నారు. ఎన్ని తరాల నుంచి అలా వదులుతున్నారో! అంతకుమించి అక్కడ ఏమీ లేదు. దయ్యమని గానీ, రాత్రిపూట పోవద్దని గానీ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు సులువయ్యేది. భయపడి ఏదో ఊహించుకున్నాననుకునేవాణ్ణి.

పూర్తిగా చీకటి పడ్డాక అన్న టార్చి అడిగాడు. రాయికి ఎదురుగా వేయలేదు. పక్కన నిలబడి, టార్చిని రాయికి దాదాపు ఆనించి, వెలుగు అడ్డంగా పారేటట్టు పట్టుకున్నాడు.

నేను ఈ పనిలోనే పుట్టాను. అయినా ఒళ్లు జలదరించింది.

అంతవరకూ నున్నగా ఉన్న రాతిలో నుంచి మనుషులు లేచారు. వెంట్రుకంత లోతున్న గీతకు కూడా నీడ పడింది. కింద గడిలో కత్తి ఎత్తిన వీరుడు, ఎదురుగా ముగ్గురు, వెనక ఆవులు. మధ్య గడిలో అతణ్ణి చెరోవైపు పట్టుకుని పైకి తీసుకుపోతున్న ఇద్దరు స్త్రీలు. పైన లింగం, దాని ముందు చేతులు జోడించి కూర్చున్న వీరుడు. కొసన సూర్యుడు, చంద్రుడు.

"చూస్తివా?" అన్నాడు అన్న. ఆ ముఖంలో అంత వెలుగు నేను చూసి చాలాకాలమైంది. "గీసుకో. కత్తి వంపు సూడు... తిన్నగ లేదు. ఆవు మెడలో గంట ఉండాది. మర్చిపోవద్దు."

ఆయన చెప్తుంటే నేను గీశాను. నాలుగు మాటలకు ఒకసారి ఆగేవాడు. రాయి పట్టుకుని ఊపిరి తీసుకునేవాడు. మళ్లీ చెప్పేవాడు.

"ఇది చెక్కినోడిది ఎడమచేతి వాటంరా. ఉలి దెబ్బ అంతా అటునుంచే పడింది." టార్చి పైకి జరిపాడు. "కింద గడి బాగా చేసినాడు. పైకి వచ్చేసరికి పని తగ్గించినాడు. పైన వీరుని మొగమన్నా తీర్చలేదు."

"ఎందుకు?"

"ఏమో. ఊపిరి సాలలేదేమో." నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

పని అయ్యేసరికి రాత్రి పదిన్నర. ఓబుళరెడ్డి ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పప్పు తెచ్చాడు. ఊళ్లోకి వచ్చి పడుకోమన్నాడు. అన్న ఒప్పుకోలేదు.

"ఇంట్లో పొయ్యి పొగ ఉంటాది, దోమల పొగ ఉంటాది. నాకు పడదు పెద్దాయనా. ఈడ గాలి బాగుండాది."

చేను గట్టున మోటారు రూము ఉంది. దాని ముందు రెండు నులక మంచాలు వేయించి, దుప్పట్లు ఇచ్చి, తెల్లారే వస్తానని ఓబుళరెడ్డి వెళ్లిపోయాడు. జీపు వెలుగు పొలాల మీదుగా పోయి పోయి... ఆరిపోయింది.

నేను రూములో ఉన్న పత్తి బస్తా ఒకటి మంచం తలవైపు నిలబెట్టి, దానికి అన్నను ఆనించి కూర్చోబెట్టాను. దుప్పటి కప్పాను. ఆయన మంచం నాకు ఎడమవైపు, చేయి చాస్తే అందుతుంది. వీరగల్లు కుడివైపు, ముప్పై నలభై అడుగుల దూరంలో. ఈ కుడి ఎడమలు గుర్తుపెట్టుకోండి. నేను ఆ రాత్రి దీన్ని ఎన్నిసార్లు సరిచూసుకున్నానో నాకే తెలుసు.

పదకొండుకు కరెంటు వచ్చింది. మోటారు దానంతట అది మొదలైంది. నీళ్లు తొట్టిలో ధారగా పడుతున్నాయి. ఆ హోరులో నిద్రపట్టింది.

మెలకువ ఎందుకొచ్చిందంటే... హోరు ఆగింది. కరెంటు పోయింది. పైపులో మిగిలిన నీళ్లు కాసేపు పడ్డాయి. తర్వాత బొట్లు. టప్... టప్... అదీ ఆగింది.

చలిగా ఉంది. అర్ధచంద్రుడు అప్పుడే పైకొచ్చాడు. కీచురాళ్లు అరుస్తున్నాయి. వాటి వెనక అన్న ఊపిరి వినిపించింది.

గరగర... ఈల... ఈఁ... ఈఁ...

హమ్మయ్య, నిద్రపోతున్నాడు అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను. ఇంకో ఊపిరి విన్నాను. ఇంకొకటి.

అప్పుడు కళ్లు తెరిచాను.

ఆ ఊపిరి కుడివైపు నుంచి వస్తోంది.

నిద్రలో నేనే అటు ఇటు తిరిగానేమో అనుకున్నాను. చేయి వెనక్కి పెట్టి తడిమాను. తలవైపు మోటారు రూము గోడ తగిలింది. సరిగ్గానే ఉన్నాను. కుడివైపు చేను. చేనులో రాయి. వెన్నెల్లో మసక నలుపుగా కనిపిస్తోంది. ఊపిరి అక్కడి నుంచే...

అన్న లేచి రాయి దగ్గరకు పోయి కూర్చున్నాడా? అదే అనుకుని ఎడమకు తిరిగాను.

అన్న మంచం మీదే ఉన్నాడు.

పడుకుని ఉన్నాడు.

పత్తి బస్తా కింద పడి ఉంది. అన్న వెల్లకిలా, కాళ్లు చాపుకుని, చేతులు రెండు పక్కలా పెట్టుకుని... రెండేళ్ల తర్వాత మా అన్న పడుకుని ఉండటం చూశాను. నుదుటి మీద ముడత కూడా లేదు. నోరు మూసి ఉంది. నోరు మూసుకుని ఊపిరి తీసుకోవడం ఆయన ఏనాడో మర్చిపోయాడు.

ముక్కు దగ్గర వేలు పెట్టాను.

ఏమీ లేదు.

గుండెల మీద అరచేయి పెట్టాను. ఎముకలు తగిలాయి. చొక్కా బొత్తాం తగిలింది. కదలిక లేదు. చేయి అక్కడే ఉంచి లెక్కపెట్టాను. అరచేతి కింద ఉన్న ఊపిరిని కాదు... రాయి దగ్గర వినిపిస్తున్నదాన్ని. ఒకటి. రెండు. మూడు. ఇరవై దాకా లెక్కపెట్టాను. ఇరవైసార్లు గరగర, ఇరవైసార్లు ఈల, చివర్లో రెండు తెంపులు. నా చేతికింద ఒక్కసారి కూడా ఎముక లేవలేదు.

ఆయనను పట్టి కుదపాల్సింది. నాకు తెలుసు. మీరు ఇప్పుడు అనుకుంటున్నదే నేను రోజూ అనుకుంటాను. కానీ ఆ నిమిషంలో... ఊపిరి ఎక్కడుంటే అన్న అక్కడ ఉన్నాడు అనిపించింది. లేచి రాయి వైపు నడిచాను.

చెప్పులు లేవు. మట్టిపెళ్లలు కాలికింద పగులుతున్నాయి. నేను ఆగితే ఆ చప్పుడు ఆగుతోంది. ఊపిరి ఆగడం లేదు. దగ్గరయ్యే కొద్దీ స్పష్టమవుతోంది. కీచురాళ్లు ఎప్పుడు మానేశాయో గమనించలేదు. పది అడుగుల దూరంలో ఉండగా తెలిసింది... ఇంక ఏ చప్పుడూ లేదు. ఆ ఊపిరి ఒక్కటే.

రాయికి వెనకవైపు నుంచి వస్తోంది. కొండలవైపు నుంచి.

చేయి రాయి మీద పెట్టాను. వెచ్చగా ఉంది. పగటి ఎండ వేడి అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను. చేయి తీయకుండా, రాయి పట్టుకునే, మెల్లగా చుట్టూ తిరిగాను.

వెనక ఎవరూ లేరు.

ఊపిరి మాత్రం నా నడుము ఎత్తులో ఉంది. ఒక మనిషి రాయికి వీపు ఆనించి కూర్చుంటే తల ఎక్కడ ఉంటుందో... సరిగ్గా అక్కడ. రాయికి వీపు ఆనించి నేనూ కింద కూర్చున్నాను. అది నా చెవి పక్కకు వచ్చింది.

గరగర... ఈఁ... ఈఁ...

తర్వాత జరిగింది చెప్పడం కష్టం. మెల్లగా చెప్తాను.

ఆ గరగర తగ్గుతూ వచ్చింది. ముందు ఒక తెంపు పోయింది. ఈల చివర్లో రెండుసార్లు తెగేది, ఒకసారే తెగింది. తర్వాత అదీ లేదు. ఈల సన్నబడి... పోయింది. లోపల ఇరుక్కున్నదేదో కరిగిపోయినట్టు, ఊపిరి పొడవవుతోంది. లోతుగా తీసుకుంటోంది. నింపాదిగా వదులుతోంది. చిన్నప్పుడు ఎండాకాలం మిద్దె మీద నేను, అన్న ఒకే చాపమీద పడుకునేవాళ్లం. పనిచేసి అలసిపోయిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడి నిద్ర ఎలా ఉంటుంది? అదిగో, ఆ ఊపిరి.

నాకు భయం పోయింది. నిజం చెప్తున్నాను. కాసేపు అలాగే కూర్చుని విన్నాను. ఎంతసేపో తెలియదు.

అప్పుడది కదిలింది.

నా చెవి పక్క నుంచి లేచింది. మనిషి లేచి నిలబడ్డట్టు, ఊపిరి నా తలపైకి వెళ్లింది. ఒక అడుగు దూరం. ఇంకో అడుగు. అడుగుల చప్పుడు లేదు. మట్టి నలగలేదు. నిండుగా, హాయిగా ఊపిరి తీసుకుంటూ... కొండల వైపు పోతోంది.

నేను లేచి నిలబడ్డాను.

"అన్నా!" అని అరిచాను. "అన్నా... యాడికి పోతాండావ్? రా... ఇంటికి పోదాం రా!"

ఊపిరి ఆగింది.

ఏమీ వినిపించలేదు. గాలి కూడా లేదు. నా ఊపిరి నేనే బిగబట్టుకున్నానని తర్వాత తెలిసింది.

నా వెనక, మోటారు రూము దగ్గర, అన్న దగ్గాడు.

ఎలా పరుగెత్తానో తెలియదు. అన్న మంచంపట్టె పట్టుకుని వంగిపోయి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. కళ్లు బయటికొచ్చేలా దగ్గుతున్నాడు. లేపి కూర్చోబెట్టాను. పంపు నోట్లో పెట్టి నొక్కాను. ఒకసారి, రెండుసార్లు. వీపు రాశాను. నీళ్లు పట్టాను, కక్కేశాడు. అరగంట పట్టింది ఆయనకు ఊపిరి అందడానికి.

గరగర... ఈల... ఈఁ... ఈఁ...

అన్న నా చేయి పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. కోపంగా కాదు. అంతకన్నా ఘోరంగా.

"ఎందుకు పిలిచినావురా?" అన్నాడు.

నేను ఆయన వీపు రాస్తూనే ఉన్నాను.

"ఆడ బాగుండె... ఊపిరి నిండా వస్తాండె."

అంతే. కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్ల నుంచి నీళ్లు కారాయి. డాక్టరు ఫొటో చూపించిన రోజు కూడా ఏడవని మనిషి.

తెల్లారింది. ఓబుళరెడ్డి ఫ్లాస్కులో కాఫీ తెచ్చాడు. అన్న రెండు గుక్కలు తాగి, రాయి గురించి ఆయనతో బాగానే మాట్లాడాడు. "ఆవు మెడలో గంట ఉంది పెద్దాయనా, మీరెవ్వరూ చూసినట్టు లేరు" అని నవ్వాడు కూడా. నేను రాయి దగ్గరకు వెళ్లి చూశాను. నా కాళ్ల గుర్తులు కూడా సరిగ్గా లేవు. దుక్కి మట్టి. దాని మీద ఎవరు నడిచినా ఏదీ నిలవదు.

జీపులో వస్తూ మెల్లగా అడిగాను.

"రాత్రి... ఎందుకు పిలిచినావు అంటివి కదన్నా. యాడుంటివి నువ్వు?"

అన్న ముఖంలో ఏ మార్పూ లేదు.

"నేనా? నేనేమంటిని? దగ్గు తప్ప నాకేం గుర్తుల్యా."

నిజంగా గుర్తులేదో, నా కోసం అలా అన్నాడో... ఆయన కిటికీ వైపు తిరిగాడు.

నాకు తెలిసిన మాష్టారు ఒకాయనకు ఇదంతా చెప్పాను. చదునైన రాయి వాలుగా ఉంటే ఇటు చప్పుడు అటు తగిలి తిరిగొస్తుందట. ఆయాసంతో ఉన్నవాళ్లకు నిద్రలో ఊపిరి చాలా పలచబడుతుందట, చేయి పెట్టినా తెలియదట. డాక్టరు కూడా అలాగే అన్నాడు. సరే అన్నాను. నాకూ నమ్మాలనే ఉంది. మరి నేను రాయి వెనక కూర్చున్నప్పుడు చెవి పక్కనే ఉన్నదేమిటి? ఆ రాయి చెక్కి పోయిన ఎడమచేతి వాటం వాడెవడైనా అక్కడ ఉన్నాడా? నేను పిలిచింది ఎవరిని? మాష్టారు ఫోను చూసుకున్నాడు.

ఓబుళరెడ్డి రాయి నేను చేయలేదు. గీసిన కాగితాలు ఇచ్చేసి వేరే షెడ్డు పేరు చెప్పాను. రోడ్డు పని మొదలైంది. పాత రాయిని ఏదో వాహనంలో తీసుకెళ్లారని విన్నాను. చూడటానికి పోలేదు.

ఆ రాత్రి తర్వాత అన్న నలభై రోజులున్నాడు.

ఆ నలభై రోజులు ఎలాంటివో మీకు చెప్పను. కొంచెం చెప్తాను. అన్నం ముద్ద మింగడానికి ఊపిరి ఆపాలి కదా, అది ఆపలేక తినడం మానేశాడు. మాట్లాడటం మానేశాడు. కూర్చోలేక, పడుకోలేక, ముందుకు వంగి రెండు మోకాళ్లు పట్టుకుని ఉండేవాడు, రాత్రీ పగలూ. వదిన ఆయన నుదుటిని తన భుజం మీద పెట్టుకుని కూర్చునేది. ఆమె చేయి తిమ్మిరెక్కితే నేను కూర్చునేవాణ్ణి. ఆ ఈల నా మెడకు తగులుతుంటే లోపల ఒకటే మాట... ఆ రాత్రి పోనిచ్చి ఉంటే?

ఇంతవరకు నలుగురికి చెప్పాను ఈ సంగతి. దీని తర్వాతది ఎవరికీ చెప్పలేదు.

చివరికి నంద్యాల ఆసుపత్రిలో చేర్చాం. రెండో రోజు మధ్యాహ్నం. బయట ఎండ మండుతోంది. అన్న మూతికి మాస్కు. వాళ్లు చేయగలిగినదంతా చేశారు. ఉన్నట్టుండి ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. వదిన చూసింది. మంచం మీదికి వంగి, "ఇదో... ఇటు చూడు... నన్ను చూడు" అని పిలిచింది. మా అక్క పిలిచింది. మేనమామ పిలిచాడు. అన్న పలకలేదు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, ఎవరి వైపూ కాదు.

వదిన నా చొక్కా పట్టుకుని లాగింది.

"నువ్వు పిలువప్పా! నీ మాటకు పలుకుతాడు. గట్టిగా పిలువు!"

పెదవుల దాకా వచ్చింది... అన్నా అని.

మింగేశాను.

"పిలువప్పా... ఎందుకు పిలవవు?"

నేను మంచంపట్టె పట్టుకుని నిలబడ్డాను. అన్న ఇంకో ఊపిరి తీసుకున్నాడు. చాలాసేపటికి ఇంకొకటి. ఈల రాలేదు. ఆ తర్వాత నేను ఎదురుచూశాను. అందరం ఎదురుచూశాం.

వదిన ఇప్పటికీ నాకు అన్నం పెడుతుంది. ఆ మధ్యాహ్నం గురించి ఒక్కసారి కూడా అడగలేదు. వడ్డించేటప్పుడు నా ముఖం వైపు చూడదు, అంతే. నేనూ చెప్పలేదు. ఏమని చెప్పను? ఆ రాత్రి చేనులో నేను పిలిచి వెనక్కి తెచ్చింది మా అన్ననేనని ఖాయంగా తెలిస్తే, ఆసుపత్రిలో నోరు మూసుకున్నందుకు ఒక కారణముంటుంది. అది ఉత్త రాతి చప్పుడే అయితే... నేను నా అన్నను పిలవలేదు. అంతే కదా.

ఏది నిజమో నాకు తెలియదు.